కొత్త కథకుడి చిత్తుప్రతి, దాని తొలి పాఠకుడు



తెలుగునాట సంగీతం నేర్చుకోదలచినవారికి గురువూ, సరళీ స్వరాల నుంచి కీర్తనల దాకా ఒక పాఠక్రమమూ సిద్ధంగా ఉన్నాయి. పద్యం రాయదలచినవారికి ఛందోగ్రంథాలూ, వందల ఏళ్ళ కావ్యాల ఒరవడీ ఉన్నాయి. కథ రాయదలచిన వ్యక్తికి మాత్రం అటువంటి స్థిరమైన ఏర్పాటు లేకపోవడంవల్ల, అతడు గాని ఆమె గాని చదివిన కథల నుంచీ, విన్న మాటల నుంచీ, పాడుచేసిన కాగితాల నుంచీ తన పద్ధతిని తానే కూర్చుకోవలసి వస్తున్నది. ఒక కథ ఆలోచనగా తలెత్తిన నాటి నుంచి సాపు ప్రతిగా, అంటే కొట్టివేతలు లేకుండా తిరగరాసిన తుది ప్రతిగా, రచయిత చేతిని విడిచే దాకా ఆ రచయిత పాటించే అలవాట్లనూ చేసే నిర్ణయాలనూ కలిపి రచనా పద్ధతి అనవచ్చు. ఆ అలవాట్లలో ఇతరుల అభిప్రాయం అడగడం కూడా ఒకటనీ, కథ ముగిశాక మర్యాద కోసం చేసే పనిగా కాక రచనలోనే ఒక దశగా దానిని చూడాలనీ ఈ ప్రసంగం ప్రతిపాదిస్తుంది.

కథ రాయడం గురించి తెలుగులో మంచి పుస్తకాలు లేకపోలేదు. కాళీపట్నం రామారావు 1990లో వెలువరించిన 'కథాకథనం' కొత్తగా కలం పట్టినవారిని దృష్టిలో పెట్టుకుని రాసినది. మదనపల్లెలో ఆంగ్ల అధ్యాపకుడిగా పనిచేసిన వల్లంపాటి వేంకటసుబ్బయ్య 'కథాశిల్పం' 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. కథ దేనిని గురించినదో అది వస్తువనీ, ఆ వస్తువును మోసే సంఘటనల వరస ఇతివృత్తమనీ, ఆ సంఘటనలను ఎక్కడ మొదలుపెట్టి, ఏది ముందు ఏది వెనుక చెప్పి, ఎవరి కళ్ళతో చూపాలన్న నేర్పు శిల్పమనీ విమర్శకులు విడదీసి చెబుతారు. ఎవరి కళ్ళతో అన్న అంశానికి దృష్టికోణమని పేరు. ఈ పరిభాష తెలియడం అవసరమే, ఎందుకంటే పేరు తెలిసిన లోపాన్ని వెతకడం సులభం. అయితే పుస్తకం అన్ని కథలకూ వర్తించే సంగతులు చెబుతుంది గాని, ఫలానా రచయిత తన మూడో పేజీలో ఎందుకు తడబడ్డాడో చెప్పలేదు. ఆ సంగతి చెప్పగలిగినవాడు ఆ మూడో పేజీని చదివిన మనిషి మాత్రమే.

తిరగరాయడం అంటే ఏమిటో తెలుసుకోవడానికి తెలుగులో అన్నిటికంటే గొప్ప ఆధారం గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'. అది కథ కాదు, నాటకం. అయినా కొత్త కథకుడికి దానిని మించిన పాఠం లేదనడం అతిశయోక్తి కాదు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయిన ఆ నాటకాన్ని గురజాడ మళ్ళీ చేతిలోకి తీసుకుని, 1909లో రెండో కూర్పుగా వెలువరించాడు. అప్పటికే రంగస్థలం మీద మెప్పు పొందిన రచన అది. అక్కడక్కడా మాటలు సవరించి తిరిగి అచ్చు వేయించినా ఎవరూ తప్పుపట్టి ఉండేవారు కాదు. గురజాడ ఆ దారి పట్టకుండా, అయిదంకాల నాటకాన్ని ఏడంకాలకు పెంచి, మధురవాణి పాత్రకు తొలి కూర్పులో లేని లోతునూ స్వేచ్ఛనూ ఇచ్చి, నాటకాన్నే దాదాపు కొత్తగా రాశాడు. తొలి ప్రదర్శనకూ రెండో కూర్పుకూ మధ్య గడిచిన 17 ఏళ్ళలో ఆయన చూసిన లోకం, గిడుగు రామమూర్తి వంటి మిత్రులతో వాడుకభాషను గురించి సాగిన ఆలోచన, ఆ రచనలోకి వచ్చి చేరాయి. మరుగున పడిన తొలి కూర్పును పరిశోధకుడు బంగోరె 1969లో మళ్ళీ వెలుగులోకి తెచ్చిన తరువాత, రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చదివే వీలు అందరికీ కలిగింది. ఒక మహారచయిత తన పేజీని తానే ఎలా కాదనుకున్నాడో, ఏ పాత్రకు ఎక్కడ ఊపిరి పోశాడో అలా చదివినప్పుడు కళ్ళకు కడుతుంది. కథ నేర్చుకునే ప్రతి ఒక్కరూ కనీసం మధురవాణి కనిపించే రంగాలనైనా రెండు కూర్పుల్లోనూ చదవడం మంచిది.

కథా ప్రక్రియ విషయానికి వస్తే, భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనూ, గురజాడ 'దిద్దుబాటు' 1910లోనూ వెలువడ్డాయి. ఏది తొలి కథ అన్న చర్చ సాహిత్య చరిత్రకారులది కాబట్టి దానిని అలా ఉంచితే, 'దిద్దుబాటు' ఎత్తుగడ నేటికీ కొత్త కథకుడు ఆగి చూడవలసినది. రాత్రివేళ ఆలస్యంగా ఇంటికి వచ్చిన భర్త తలుపు దగ్గర పిలుస్తూ ఉండగా కథ మొదలవుతుంది. అతడెవరో, ఏం చదివాడో, పెళ్ళి ఎప్పుడయిందో చెప్పే పరిచయం ముందుగా రాదు. తలుపు తెరిచీ తెరవకముందే అతడి స్వభావం సగం బయటపడుతుంది. కొత్తగా రాసేవారి చిత్తుప్రతుల్లో మొదటి పేజీ తరచుగా పరిచయంతో, వాతావరణ వర్ణనతో, లోకరీతిని గురించిన వ్యాఖ్యతో నిండిపోయి, అసలు కథ రెండో పేజీ చివర మొదలవుతుంది. రాసినవారికి ఆ మొదటి పేజీ కథలోకి దిగడానికి మెట్టుగా ఉపయోగపడి ఉంటుంది. పాఠకుడికి ఆ మెట్టుతో పని లేదు. ఈ లోపం రాసినవారికి ఒంటరిగా కనిపించడం కష్టం.

సొంత పద్ధతిలో మొదటి మెట్టు సేకరణ. సేకరణ అంటే కథకు పనికివచ్చే మాటలనూ, చేష్టలనూ, వస్తువులనూ మరచిపోకముందే రాసిపెట్టుకోవడం. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి సంస్కృత విద్యలో పెరిగినవాడైనా, ఆయన కథల్లో నిలిచినది గోదావరి జిల్లా ఇళ్ళలో పలికే తెలుగు. 'వడ్లగింజలు' వంటి పెద్ద కథలో సైతం పేజీల తరబడి సంభాషణే కథను నడుపుతుంది. విశాఖపట్నంలో న్యాయవాదిగా ఉన్న రాచకొండ విశ్వనాథశాస్త్రి కోర్టు వరండాల్లో వినిపించే భాషనూ, చట్టానికీ బీదవాళ్ళకూ మధ్య నడిచే వ్యవహారాన్నీ 'ఆరు సారా కథలు'లోకి తెచ్చాడు. ఈ ఇద్దరి భాషా ఒకటి కాదు, లోకమూ ఒకటి కాదు. చెవి మాత్రం ఒకే రకం. నోటు పుస్తకంలో కథకుడు రాసుకోవలసినవి పెద్ద ఆలోచనలు కావు. అప్పు అడగడానికి వచ్చిన మనిషి ముందుగా ఏ మాట ఎత్తాడు, ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న తల్లి చేతి సంచిని ఎలా పట్టుకుంది, బస్సు కండక్టరు చిల్లర లేదన్నప్పుడు ముసలాయన ఏమన్నాడు వంటివి రాసుకోవాలి. ఆలోచనలు మళ్ళీ వస్తాయి గాని, విన్న మాట విన్న పొందికలో మళ్ళీ దొరకదు.

రాసే వేళ గురించి, చోటు గురించి విస్తరించనక్కరలేదు. కాళీపట్నం రామారావు బడిపంతులుగా, విశ్వనాథశాస్త్రి వకీలుగా, పాలగుమ్మి పద్మరాజు కళాశాల అధ్యాపకుడిగా పనిచేస్తూనే కథలు రాశారు. ఇంటి పనితో, పిల్లల పెంపకంతో రోజంతా గడిచిపోయే స్త్రీలు అందరూ నిద్రపోయాక దక్కిన గంటలో రాసి తెలుగు కథను నిలబెట్టారు. చిత్తుప్రతి ఎంత అసంపూర్ణంగా ఉన్నా చివరి వాక్యం దాకా రాసిన తరువాతే ఇతరులకు చూపించాలన్న నియమం మాత్రం దాదాపు అందరికీ పనికివస్తుంది. సగం కథను విన్నవారు మిగిలిన సగాన్ని తామే ఊహించి చెబుతారు. ఆ ఊహ విన్నాక రచయిత తన ముగింపును తాను కనుక్కునే అవకాశం పోగొట్టుకుంటాడు.

అభిప్రాయం కథలో ఏం మార్చగలదో చూడడానికి ఊహించిన ఒక ఉదాహరణను కాస్త దగ్గరగా పరిశీలించవచ్చు. ఒక యువ రచయిత్రి రేషను బియ్యం కోసం వెళ్ళిన వృద్ధురాలి మీద కథ రాసిందనుకుందాం. ఆ వృద్ధురాలి పేరు నరసమ్మ. ఇటుక బట్టీలో ఏళ్ళ తరబడి పనిచేయడంవల్ల వేళ్ళ మీది గీతలు అరిగిపోయి, చౌకధరల దుకాణంలోని యంత్రం ఆమె వేలిముద్రను గుర్తించదు. చిత్తుప్రతి తొలి వాక్యాలు ఇలా ఉన్నాయి: నరసమ్మ చాలా బీదరాలు. ఆమెకు నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. పేదల కోసం ఎన్ని పథకాలు వచ్చినా అవి నిజమైన పేదలకు అందడం లేదు. ఆ తరువాత డీలరు ఆమెను కసురుకుని పంపివేస్తాడు, ఆమె ఏడుస్తూ ఇల్లు చేరుతుంది, ఆకలితో నిద్రపోతుంది. రచయిత్రి జాలి నిజమైనదే, సమస్య కూడా నిజమైనదే, అయినా కథ ఇంకా పుట్టలేదు.

ఈ ప్రతిని చదివిన స్నేహితురాలు చాలా బాగుంది, కళ్ళ నీళ్ళు తిరిగాయి అంటుంది. ఆ మాట మనసుకు బలమిస్తుందే తప్ప కథకు ఏమీ ఇవ్వదు. రెండో పాఠకుడు కొన్నాళ్ళు రేషను దుకాణంలో తూకం వేసినవాడు. అతడికి శిల్పం, దృష్టికోణం అన్న మాటలు తెలియవు. డీలరు అంత తొందరగా కసురుకోడనీ, ముందు చెయ్యి తుడుచుకోమంటాడనీ, తడిగుడ్డ ఇస్తాడనీ, ఇంకో వేలు పెట్టమంటాడనీ, పదివేళ్ళూ అయ్యేసరికి వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటారనీ, డీలరుకు ఆ విసుగు యంత్రం మీదికంటే ఎక్కువగా మనిషి మీదికి మళ్ళుతుందనీ అతడు చెబుతాడు. కథలోని డీలరు ఒక్కసారిగా దుర్మార్గుడి వేషం విప్పి మనిషి అవుతాడు. మూడో పాఠకురాలు రచయిత్రి మేనత్త. ఆమె ఒకే ప్రశ్న అడుగుతుంది: బియ్యం దొరకనప్పుడు నరసమ్మ ఖాళీ సంచితో ఊళ్ళోంచి ఎలా నడిచి వెళ్ళింది, ఎదురైనవాళ్ళు అడిగితే ఏం చెప్పింది?

రచయిత్రి తిరిగి రాసిన ప్రతి ఇలా మొదలవుతుంది: "ఇంకో వేలు పెట్టు పెద్దమ్మా," అన్నాడు డీలరు. నరసమ్మ ఉంగరపు వేలిని చీర చెంగుతో తుడిచి, ఊది, మళ్ళీ అద్దం మీద పెట్టింది. వెనక ఎవరో సంచి నేల మీద పడేశారు. బీదరాలన్న మాట ఇక్కడ లేదు, పథకాల మీద వ్యాఖ్యా లేదు. అయినా అవి చెప్పదలచిన సంగతి అంతా ఉంది. చివరికి నరసమ్మ ఏడవదు. ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి, చీర కుచ్చెళ్ళ దగ్గర బొడ్లో దోపుకుని, దుకాణం వైపే వెళ్ళనట్టు రామాలయం సందులోంచి ఇంటికి పోతుంది. ఆ మడత మేనత్త ప్రశ్నలోంచి వచ్చింది. మేనత్త ముగింపు చెప్పలేదు, ముగింపు ఉన్న చోటు చూపింది. మంచి అభిప్రాయం చేయగలిగిన పని ఇంతే, ఇది చాలా పెద్ద పని.

ఈ ఉదాహరణ నుంచి తేలే విషయాలలో ముఖ్యమైనది, ఎవరిని ఏమి అడగాలన్నది. ఒకే పాఠకుడి నుంచి అన్నీ ఆశించడం సరికాదు. కథలోని వృత్తి, ఊరు, కులాచారం, కార్యాలయం తెలిసిన మనిషి ఒకరు చదవాలి; నర్సు కథను నర్సు, చేనేత కథను మగ్గం మీద కూర్చున్నవారు చదివితే దొర్లిన తప్పులు అచ్చుకు ముందే బయటపడతాయి. కథలు విస్తారంగా చదివిన మనిషి మరొకరు చదవాలి, ఎందుకంటే అదే మలుపు ఇంతకుముందు ఎన్ని కథల్లో వచ్చిందో ఆ వ్యక్తికే తెలుస్తుంది. బాగుందా అన్న ప్రశ్నకు తెలుగువారి మర్యాదలో ఒకటే జవాబు ఉంది కాబట్టి ఆ ప్రశ్న అడగకపోవడమే మేలు. చదువుతూ ఎక్కడ ఆగారు, ఏ పేరా రెండుసార్లు చదవవలసి వచ్చింది, ఏ పాత్ర పేరు గుర్తు రాలేదు, ముగింపు ఎక్కడ ముందే తెలిసిపోయింది అని అడిగితే పాఠకుడు మొహమాటం లేకుండా చెప్పగలుగుతాడు. అవి తీర్పులు కావు, చదివేటప్పుడు జరిగిన సంగతులు. వాటిని చెప్పడానికి సాహిత్య పాండిత్యం అక్కరలేదు.

అభిప్రాయం వినేటప్పుడు రచయిత మౌనంగా ఉండడం కష్టమైనా తప్పనిసరి. నా ఉద్దేశం అది కాదు అని వివరించడం మొదలుపెట్టగానే పాఠకుడు వెనక్కు తగ్గుతాడు, అతడు చెప్పదలచిన మిగతా సగం లోపలే ఉండిపోతుంది. పైగా కథ పత్రికలోకో పుస్తకంలోకో వెళ్ళాక ప్రతి పాఠకుడి పక్కనా కూర్చుని ఉద్దేశం వివరించే అవకాశం ఏ రచయితకూ ఉండదు. నొప్పి ఎక్కడ ఉందో రోగి చెప్పినంత కచ్చితంగా వైద్యుడు కూడా చెప్పలేడు, కానీ మందు ఏదో నిర్ణయించేది రోగి కాదు. పాఠకుడి మాటను కూడా అలాగే తీసుకోవాలి. మధ్యలో విసుగు వచ్చిందని ముగ్గురు చెబితే అక్కడ లోపం ఉన్నట్టే. అక్కడ ఒక ప్రేమ ఘట్టం పెట్టమని వారిచ్చే సలహాను పాటించనక్కరలేదు. ఆ లోపానికి కారణం రెండు పేజీల ముందు ఉండవచ్చు, ఒక పాత్ర అనవసరంగా ప్రవేశించిన చోట ఉండవచ్చు.

బయటి మాట ఒక రచయిత పద్ధతినే మార్చిన సందర్భాలు ప్రపంచ సాహిత్యంలో ఉన్నాయి. 1886 మార్చిలో రష్యన్ సీనియర్ రచయిత ద్మీత్రి గ్రిగొరోవిచ్, అప్పటికి 26 ఏళ్ళ వయసులో వైద్యవృత్తి చేస్తూ మారుపేరుతో హాస్య పత్రికలకు చకచకా రాసి పంపుతున్న అంతోన్ చెహోవ్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఆ యువకుడి ప్రతిభను మనసారా మెచ్చుకుంటూనే, తొందరపాటు రాతలు మానుకొమ్మనీ, ఆ ప్రతిభను గౌరవించుకొమ్మనీ హెచ్చరించాడు. చెహోవ్ ఇచ్చిన జవాబులో, ఏ కథ మీదా ఒక రోజుకు మించి పనిచేసిన గుర్తు లేదని ఒప్పుకున్నాడు. ఆ తరువాతి ఏళ్ళలో ఆయన కథలు సంఖ్యలో తగ్గి, లోతులో పెరిగాయి. గ్రిగొరోవిచ్ ఏ కథనూ దిద్దలేదు, ఏ వాక్యాన్నీ మార్చలేదు. రాసే వేగాన్ని ప్రశ్నించాడు. కథ మీది అభిప్రాయంకంటే రాసే తీరు మీది అభిప్రాయం అరుదైనది, విలువైనది.

అయితే వచ్చిన ప్రతి సలహానూ తలకెక్కించుకునే రచయితకు సొంత గొంతు మిగలదు. తెలుగులో ఈ ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా మాండలికం విషయంలో ఎదురవుతుంది. మాండలికం అంటే ఒక ప్రాంతంలోనో ఒక సామాజిక వర్గంలోనో సహజంగా వాడే భాషారూపం. పాకాల యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు'లో తెలంగాణ పల్లె మాటకూ, నామిని సుబ్రమణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా'లో చిత్తూరు జిల్లా మాటకూ సాహిత్యంలో తిరుగులేని స్థానం సంపాదించారు. అయినా నేటికీ ఒక కొత్త రచయిత 'వచ్చిండు' అని రాస్తే 'వచ్చాడు' అని దిద్ది, అది భాషాదోష నివారణ అనుకునేవారు ఉన్నారు. అది దిద్దుబాటు కాదు, ఆ పాత్ర నోటిని మూసివేయడం. పొరుగు జిల్లా పాఠకుడికి ఒక పదం అర్థం కాలేదని తెలిసినప్పుడు ఆ పదం చుట్టూ ఉన్న వాక్యాన్ని మరికాస్త వెలుతురుగా చేయవచ్చు గాని, పదాన్ని తీసివేయరాదు. ఏ సలహాను కాదనాలో తెలియడం కూడా పద్ధతిలో భాగమే, అయితే కాదనడానికి కారణం కథలో ఉండాలి, రచయిత అభిమానంలో కాదు.

ఇతరులకు చూపించే ముందే రచయితకు అందుబాటులో ఉన్న కఠిన విమర్శకుడు ఒకడున్నాడు, అది సొంత గొంతు. ఈ సంగతి ఆకాశవాణి శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. 1938లో మద్రాసులోనూ, 1948 డిసెంబరు 1న విజయవాడలోనూ కేంద్రాలు మొదలైన నాటి నుంచి రేడియో ఎందరో కథకులను తమ కథలు తామే చదివేలా చేసింది. బుచ్చిబాబు వంటి కథకుడు రేడియోలోనే ఉద్యోగం చేశాడు. పైకి చదివినప్పుడు ఊపిరి అందని వాక్యం, రెండు పాత్రలు ఒకే యాసలో మాట్లాడడం, సంభాషణ పేరుతో సాగిన ఉపన్యాసం, ఒకే క్రియ వరసగా నాలుగు వాక్యాల చివర రావడం చెవికి వెంటనే తగులుతాయి. కన్ను తాను రాసినదాన్ని క్షమిస్తుంది, చెవి అంత సులభంగా క్షమించదు. వీలైతే కథను మరొకరి చేత చదివించుకుని వినడం ఇంకా మంచిది. చదివే వ్యక్తి ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిలు గీత పెట్టుకోవాలి.

కథ మీద అభిప్రాయం చెప్పే ఈ పనిలో పత్రికా సంపాదకులు ఒకప్పుడు పెద్ద పాత్ర వహించారు. 1924లో మొదలై 1991 దాకా నడిచిన 'భారతి'లో కథ రావడం రచయితకు పట్టాగా భావించే రోజులు ఉండేవి. అరఠావు కాగితానికి ఒకవైపే రాసి, రచన సొంతమనీ, అనువాదం గాని అనుకరణ గాని కాదనీ, మరే పత్రిక పరిశీలనలోనూ లేదనీ హామీపత్రం జతచేసి, తిరుగు టపాకు సరిపడా స్టాంపులు అంటించిన కవరు పెట్టి పంపించడం తరాలపాటు తెలుగు రచయితలందరికీ తెలిసిన క్రమం. ఆ కవరులో కథ తిరిగి వచ్చినప్పుడు అంచున సంపాదకుడు రాసిన ఒక్క వాక్యం ఉంటే, అది కొత్త రచయితకు ఏడాదికి సరిపడే పాఠం. ఇప్పుడు కథ పంపడం సులువైంది, తిరస్కారం మౌనంగా వస్తున్నది. పోటీలు బహుమతి పొందిన కథలనే ప్రకటిస్తాయి గాని, మిగిలిన వందల కథల్లో లోపమేమిటో చెప్పే తీరిక వాటికి ఉండదు. అందువల్ల సంపాదకుడు చేసిన పని నేడు స్నేహితుల మీదా, చిన్న చిన్న చదువరుల బృందాల మీదా పడింది.

ఆ బాధ్యతను తెలుగు సాహిత్య సమాజం ఎంతవరకు తీసుకున్నదన్నది ఆలోచించవలసిన విషయం. పుస్తకం అచ్చయ్యాక ఆవిష్కరణ సభ జరుగుతుంది, శాలువాలు కప్పుతారు, వక్తలు ఒకరి తరువాత ఒకరు మెచ్చుకుంటారు. ఆ సభలో ఎవరైనా లోపం ఎత్తిచూపితే అపచారంగా భావిస్తారు. లోపం చెప్పడానికి సరైన వేళ అచ్చుకు ముందు, సరైన చోటు నలుగురు కూర్చున్న గది. ఆ వేళలో, ఆ గదిలో కథ చదివేవారి సంఖ్య మెప్పు సభల సంఖ్యతో పోలిస్తే చాలా తక్కువ. కథా కార్యశాలలు, అంటే కొత్తవారు తమ ప్రతులు వినిపించి అనుభవజ్ఞుల మాట వినే శిబిరాలు, అక్కడక్కడా శ్రద్ధగా జరుగుతున్నాయి. అవి జిల్లాకు ఒకటిగా, ఏటేటా జరగాలి.

కాళీపట్నం రామారావు జీవితం ఈ విషయంలో ఒక నిదర్శనం. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, విశాఖపట్నంలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన రాసిన కథల సంఖ్య స్వల్పం. 1966లో వెలువడిన 'యజ్ఞం' మీద విమర్శకులు దశాబ్దాలపాటు వాదించుకున్నారు. అటువంటి రచయిత తన మలివయసును ఎక్కువగా ఇతరుల కథల కోసం వెచ్చించాడు. కొత్తవారి కథలు చదివి అభిప్రాయం చెప్పాడు, వారి కోసం 'కథాకథనం' రాశాడు, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో 'కథానిలయం' స్థాపించి, పాత పత్రికల్లో చెల్లాచెదురుగా ఉన్న తెలుగు కథలను ఒక చోట చేర్చే పనికి పూనుకున్నాడు. ఒక కొత్త కథకుడు తన వస్తువు మీద ఇంతకుముందు ఎవరు ఎలా రాశారో తెలుసుకోదలిస్తే వెళ్ళవలసిన చోటు అది. ముందుతరాల కథలు చదవడం కూడా ఒక విధంగా అభిప్రాయం అడగడమే. ఎందుకు రాయాలి, ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్నలకు చాసో వంటి పొదుపరి కథకుడు ఇచ్చిన జవాబులు ఆయన కథల్లోనే ఉన్నాయి.

శ్రోతలలో కథలు రాసేవారు కొందరైతే చదివేవారు అనేకులు. ఇంట్లోనో, వీధిలోనో, పనిచేసే చోటనో ఒక యువకుడో యువతో బెదురుతూ కొన్ని కాగితాలు తెచ్చి చేతికిస్తే, బాగుందని ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చివేయవద్దు. రెండుసార్లు చదవండి. చదువుతూ ఆగిన చోట పెన్సిలుతో చిన్న గీత పెట్టండి, నమ్మబుద్ధి కాని మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టండి, మనసుకు పట్టిన వాక్యం కింద గీత గీయండి. రాసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ గుర్తులు ఒక్కొక్కటే చూపించండి.